ఒక్క కణం నుంచి శరీరమంతా
మూలకణాలు, వాటితో వైద్యం, ఫుఖహాల పరిశీలన

పాన్‌దాన్ ఉన్న ఇళ్ళలో పెద్దలు పిల్లలను సున్నం డబ్బీ జోలికి పోనివ్వరు. ఆ జాగ్రత్త ఊరికే వచ్చినది కాదు. తడి సున్నం ఘాటైన క్షారం. కంట్లో పడితే నిమిషాల్లో కంటిని కాల్చివేస్తుంది. నేడు సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో కూడా దొరుకుతున్నది. పిల్లలు ఆ పొట్లాన్ని నొక్కగా అది పగిలి, సున్నం కంట్లోకి చిమ్మిన ప్రమాదాలు మన దేశపు నేత్రవైద్యులకు తెలిసినవే. అలా జరిగినప్పుడు మొదట చేయవలసిన పని, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ధారాళంగా మంచినీటితో కంటిని కడిగి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకుపోవడం.

ఇలా కాలిన కళ్ళ విషయంలో వైద్యులకు చాలాకాలం ఒక చిక్కు ఎదురయ్యేది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా తెల్లబారిపోతే దాన్ని తొలగించి, మరణించిన దాత కార్నియాను అమర్చడం పాత చికిత్సే. అనేక ఇతర జబ్బుల్లో దానితో చూపు తిరిగి వస్తుంది. కాని సున్నంతోనో, ఆమ్లంతోనో అంచుదాకా కాలిపోయిన కంట్లో అమర్చిన కార్నియా కొన్నాళ్ళకే మళ్ళీ మసకబారిపోయేది. కారణం అమర్చిన కార్నియాలో లేదు. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్యనున్న సన్నని అంచులో ఉంది. కార్నియా పైపొరలోని కణాలు నిత్యం అరిగి రాలిపోతూ ఉంటాయి. వాటి స్థానంలోకి కొత్త కణాలను పంపేవి ఆ అంచులోని కొన్ని ప్రత్యేక కణాలు. అవి కాలిపోతే సరఫరా ఆగిపోతుంది. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకివస్తుంది.

అంచులోని ఆ కణాలను మూలకణాలు అంటారు. ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. ఇతర కణాలు చేయలేని పనిని ఈ కొన్ని కణాలు ఎలా చేయగలుగుతున్నాయి? ఈ శక్తిగల కణాలను ఎక్కడి నుంచి తీసి వైద్యానికి వాడవచ్చు, ఎక్కడి నుంచి తీయరాదు? మొదటిది జీవశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న, రెండవది ధర్మశాస్త్రానికి సంబంధించినది. ఒక విషయంపై ఇచ్చే హుకుమ్ ఆ విషయపు సరైన తసవ్వుర్ మీద, అనగా అవగాహన మీద ఆధారపడి ఉంటుందన్నది మదరసా విద్యార్థులు తొలిదశలోనే నేర్చుకునే సూత్రం. "మూలకణాల వైద్యం జాయిజా, కాదా?" అని ఒకే మాటలో అడిగేవారికి ఒకే మాటలో సమాధానం దొరకకపోవడానికి కారణం ఇదే. కనుక మొదటి ప్రశ్నను ముందు పరిశీలిద్దాం.

కణాలు వేరువేరు కావడం

మనిషి శరీరంలో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయని అంచనా. వాటిలో సుమారు 200 రకాలను శాస్త్రజ్ఞులు లెక్కించారు. గుండె కణం లయ తప్పకుండా ముడుచుకుంటూ ఉంటుంది. నరాల కణం వార్తలను మోస్తుంది. క్లోమంలోని కొన్ని కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. ఎర్ర రక్తకణం ప్రాణవాయువును చేరవేస్తుంది. రూపంలోనూ పనిలోనూ ఒకదానితో ఒకటి పోలికలేని ఈ కణాలన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే.

తల్లి అండం, తండ్రి బీజం కలిసి ఏర్పడిన ఆ కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఐదారు రోజులకు అది ఇసుక రేణువుకన్నా పెద్దది కాని, లోపల ఖాళీగా ఉన్న ఒక బంతిలా మారుతుంది. బంతి బయటి వరుసలోని కణాలు మావి ఏర్పడటానికి తోడ్పడతాయి. లోపల ఒక పక్కన గుంపుగా చేరిన కణాల నుంచి శిశువు దేహం తయారవుతుంది. మూడవ వారంలో ఈ కణాలు మూడు పొరలుగా సర్దుకుంటాయి. పైపొర నుంచి చర్మపు పైభాగం, మెదడు, నరాలు ఏర్పడతాయి. నడిమి పొర నుంచి ఎముకలు, కండరాలు, గుండె, రక్తం ఏర్పడతాయి. లోపలి పొర నుంచి పేగుల లోతట్టు, ఊపిరితిత్తుల లోతట్టు, కాలేయం, క్లోమం ఏర్పడతాయి. అడుగు అడుగుకూ కణం ముందున్న దారులు తగ్గుతూ, పని నిశ్చితమవుతూ పోతుంది.

మరి కాలేయపు కణంలో నరాల కణానికి సంబంధించిన ఆదేశాలు ఉన్నాయా, లేక పోయాయా? కణాలు వేరువేరు రకాలుగా మారేటప్పుడు తమకు అవసరం లేని వారసత్వ భాగాన్ని వదిలివేస్తాయని 19వ శతాబ్ది చివర జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ వైస్మన్ భావించాడు. వినడానికి అది సహజంగానే తోస్తుంది. కాని 1962లో ఇంగ్లండుకు చెందిన జాన్ గర్డన్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలు దీన్ని తలకిందులు చేశాయి. ఆయన ఒక కప్ప అండంలోని కేంద్రకాన్ని నిర్మూలించి, దాని స్థానంలో తోకకప్ప పేగు కణం నుంచి తీసిన కేంద్రకాన్ని ఉంచాడు. అలాంటి కొన్ని అండాల నుంచి పూర్తి కప్పలు పెరిగాయి. అనగా పేగు కణం కప్ప దేహానికంతటికీ కావలసిన ఆదేశాలను పోగొట్టుకోలేదు. వాటిని వాడటం మాత్రమే మానుకున్నది.

దీన్ని ఒక ఉపమానంతో అర్థం చేసుకోవచ్చు. హాఫిజ్ హృదయంలో గ్రంథమంతా భద్రంగా ఉంటుంది. కాని ఒక రకాతులో ఆయన పఠించేది కొన్ని ఆయతులే. పఠించని భాగం ఆయనకు రానట్లు కాదు. మనిషి కణాల్లో ప్రోటీన్ల తయారీకి సంబంధించిన జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. దాదాపు ప్రతి కణంలోనూ అవన్నీ ఉంటాయి. ఇన్సులిన్ జన్యువు కంటి కణంలోనూ ఉంది. కాని అక్కడ అది మౌనంగా ఉంటుంది. ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. ఎర్ర రక్తకణం పక్వమయ్యేటప్పుడు తన కేంద్రకాన్నే బయటికి నెట్టివేస్తుంది. రోగనిరోధానికి పనిచేసే కొన్ని కణాలు తమ జన్యువులలో కొన్నింటిని కత్తిరించి తిరిగి కూర్చుకుంటాయి.

ఏ జన్యువు పలకాలో, ఏది మౌనం వహించాలో నిర్ణయించేది ఏమిటి? కణం ఉన్న చోటు, పొరుగు కణాల నుంచి వచ్చే రసాయన సంకేతాలు మొదటి కారణం. ఆ సంకేతాలు అందగానే కణంలో కొన్ని ప్రత్యేక ప్రోటీన్లు డి.ఎన్.ఎ. మీద నిర్ణీత స్థలాల్లో చేరి కొన్ని జన్యువులను మేల్కొలుపుతాయి, కొన్నింటిని అణచివేస్తాయి. అవసరం లేని భాగాలు గట్టిగా చుట్టుకుపోతాయి. వాటిపై రసాయన ముద్రలు పడతాయి. కణం రెండుగా చీలినప్పుడు ఈ ఏర్పాటు పిల్ల కణాలకు కూడా సంక్రమిస్తుంది. కాలేయపు కణం నుంచి కాలేయపు కణమే రావడానికి, చర్మం మీద పళ్ళు మొలవకపోవడానికి ఇదే కారణం.

శరీరం దాచుకున్న నిల్వ

నైపుణ్యం సంపాదించిన కణాల్లో చాలావాటికి ఆయుష్షు తక్కువ. పేగుల లోతట్టు పొర మూడు నుంచి ఐదు రోజుల్లో మారిపోతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. ఈ నష్టాన్ని భర్తీ చేయడానికి సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్త ఎర్ర కణాలు తయారు కావాలి. ఈ పనికోసం శరీరం అక్కడక్కడా కొన్ని మూలకణాలను నిల్వ ఉంచుకుంటుంది. వీటికి రెండు లక్షణాలుంటాయి. ఒకటి, తమవంటి కణాలను తిరిగి పుట్టించుకోవడం. రెండు, ప్రత్యేకమైన పని చేసే కణాలను ఇవ్వడం. మొదటిది లేకపోతే నిల్వ తరిగిపోతుంది. రెండవది లేకపోతే నిల్వ ఉండి ప్రయోజనం లేదు.

పెద్దవారి శరీరంలోని మూలకణాలకు హద్దులున్నాయి. రక్తపు మూలకణం రక్తకణాలను ఇస్తుంది, మెదడును ఇవ్వదు. కంటి అంచులోని మూలకణం కార్నియా పైపొరను ఇస్తుంది. కంటి వెనుకనున్న నరాన్ని ఇవ్వదు. ఈ హద్దును మరచిపోవడం వల్లనే అనేక అపోహలు, మోసాలు పుడుతున్నాయి.

రక్తపు మూలకణాల ఉనికిని స్పష్టంగా చూపిన ప్రయోగాన్ని కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ 1961లో ప్రచురించారు. అప్పటికే ఎముకల మూలుగను రోగులకు ఎక్కించే ప్రయత్నాలు మొదలయ్యాయి. అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1957లో తన తొలి ప్రయత్నాలను ప్రకటించాడు. తొలినాళ్ళలో వైఫల్యాలే ఎక్కువ. దాత కణాలు రోగి శరీరానికి సరిపడాలన్న విషయం, ఆ పొంతనను పరీక్షించే విధానం క్రమంగా తెలిసివచ్చాయి. 1990లో థామస్‌కు నోబెల్ బహుమతి లభించింది. నేడు రక్త క్యాన్సర్లకూ, తలసీమియా వంటి జబ్బులకూ ఇది స్థిరపడిన చికిత్స.

తలసీమియా విషయం మన కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లోపపు జన్యువు ఒక్కొక్కటి ఉంటే వారికి జబ్బు కనిపించదు. కాని ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువులను వివాహమాడినప్పుడు ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. షరీఅత్ అటువంటి వివాహాన్ని నిషేధించలేదు. పెళ్ళికి ముందు చిన్న రక్తపరీక్ష చేయించుకోవడాన్నీ నిషేధించలేదు. జబ్బుతో పుట్టిన బిడ్డకు జీవితమంతా రక్తం ఎక్కిస్తూ ఉండాలి. పొంతన కుదిరిన అన్నో చెల్లెలో మూలుగ ఇస్తే జబ్బు నయమయ్యే అవకాశం ఉంది. ఒక్కొక్క తోబుట్టువుతో పూర్తి పొంతన కుదిరే అవకాశం కూడా నాలుగింట ఒక వంతే. ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లో దాత శరీరంలో మళ్ళీ తయారవుతుంది. రక్తం, చర్మం వలె తిరిగి ఏర్పడే భాగాలను దాతకు హాని లేకుండా ఇవ్వవచ్చునని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లోనే తీర్మానించింది.

బొడ్డుతాడులో మిగిలిన రక్తంలో కూడా ఇవే మూలకణాలున్నాయి. 1988లో పారిస్‌లో ఒక బాలుడికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో మొట్టమొదటి చికిత్స జరిగింది. అంతవరకు మావితో పాటు పారవేస్తున్న పదార్థం ఒక ప్రాణాన్ని నిలబెట్టింది.

చర్మం విషయంలో మరొక ఉదాహరణ ఉంది. పుట్టుకతో వచ్చిన ఒక జబ్బు వల్ల చర్మంలో చాలాభాగం ఊడిపోయి మరణానికి చేరువైన ఏడేళ్ళ సిరియా శరణార్థి బాలుడికి 2015లో జర్మనీలో చికిత్స జరిగింది. మిగిలిన మంచి చర్మంలో ఒక చిన్న ముక్కను తీసి, ఇటలీలోని ప్రయోగశాలలో దాని కణాల్లోని జన్యు లోపాన్ని సరిదిద్ది పెంచారు. అలా పెరిగిన చర్మంతో దేహంలో సుమారు 80 శాతం భాగాన్ని కప్పారు. 2017లో ఈ ఫలితం ప్రకటించేనాటికి ఆ బాలుడు బడికి వెళుతున్నాడు. కొత్త చర్మం నిలవడానికి కారణం, దానిలో మూలకణాలు కూడా ఉండటమే.

పిండం నుంచి తీసిన కణాలు

ఇంతవరకు చెప్పిన చికిత్సల్లో ఎవరి ప్రాణానికీ, ఏ పిండానికీ హాని లేదు. వివాదం మరొక చోట మొదలయింది. ఐదారు రోజుల పిండంలో లోపలి గుంపులోని కణాల ముందు దారులన్నీ తెరిచే ఉంటాయి. దేహంలోని ఏ రకం కణంగానైనా అవి మారగలవు. ఎలుకల పిండం నుంచి ఇటువంటి కణాలను తీసి ప్రయోగశాలలో పెంచడం 1981లో సాధ్యమయింది. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండం నుంచి వాటిని పెంచగలిగింది. సంతానం కోసం శరీరం వెలుపల ఫలదీకరణ చేయించుకున్న దంపతులు, తమ అవసరానికి మించిన పిండాలను పరిశోధనకు ఇచ్చారు. కాని కణాలను తీసే ప్రక్రియలో ఆ పిండం నశించింది. చికిత్స కోసమైనా అలా చేయవచ్చునా అన్నదే ప్రశ్న.

దివ్య ఖుర్ఆన్ 23వ సూరా 12-14 ఆయతుల్లో మానవ సృష్టి దశలు ప్రస్తావించబడ్డాయి. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన, బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు ఆధారంగా గర్భంలో ఆత్మ ఊదబడేది 120 రోజుల తర్వాతనని అత్యధిక ఫుఖహాల అభిప్రాయం. ముస్లిం గ్రంథంలోనే ఉన్న మరొక హదీసులో సుమారు నలభై రాత్రుల ప్రస్తావన ఉన్నందున కొందరు పండితులు ఆ గడువును ముందుకు జరిపారు. ఏ లెక్క తీసుకున్నా ఐదవ రోజు దానికి ఎంతో ముందరిదే.

అంతమాత్రాన ఆ పిండానికి విలువే లేదని అనుకోరాదు. ఇమామ్ గజాలీ తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో గర్భనిరోధానికీ గర్భనాశనానికీ తేడా చూపుతూ, గర్భంలో బీజం నిలిచిన తర్వాత దాన్ని పాడుచేయడం నేరమేననీ, దశలు గడిచేకొద్దీ ఆ నేరం తీవ్రత పెరుగుతుందనీ వివరించాడు. కనుక ప్రశ్న ఆత్మ ఉన్నదా లేదా అన్నదానితో ముగియదు. గౌరవం ఎంత, అవసరం ఎంత, వేరే మార్గం ఉన్నదా అని తూచవలసి ఉంటుంది.

ఈ తూకంలో విద్వాంసుల సభలు ఒకే చోటికి రాలేదు. మిగిలిపోయిన పిండాల విషయంలో జిద్దా అకాడమీ 1990లో జాగ్రత్త మార్గాన్ని ఎంచుకున్నది. అవసరానికి మించి అండాలను ఫలదీకరణ చేయరాదని, అయినా మిగిలితే వైద్య సంరక్షణ లేకుండా వాటంతట అవే ముగిసేవరకు వదిలివేయాలని పేర్కొన్నది. 2003 డిసెంబరులో మక్కాలో జరిగిన రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖ్హ్ సభ నేరుగా మూలకణాల గురించే చర్చించి, వాటి మూలాన్ని బట్టి విభజించి తీర్పు ఇచ్చింది. పెద్దవారి నుంచి వారి అంగీకారంతో, హాని లేకుండా. పిల్లల నుంచి సంరక్షకుల అనుమతితో, హాని లేకుండా. మావి, బొడ్డుతాడుల నుంచి. తనంతట తాను పోయిన గర్భం నుంచి లేదా షరీఅత్ అనుమతించిన వైద్య కారణంతో తొలగించిన గర్భం నుంచి. దంపతులు ఇచ్చిన మిగులు పిండాల నుంచి తీసి, ధర్మసమ్మతమైన చికిత్సకు, పరిశోధనకు వాడవచ్చునన్నది. కారణం లేకుండా గర్భస్రావం చేయించి తీయడం, దంపతులు కాని దాతల అండాన్నీ బీజాన్నీ ఉద్దేశపూర్వకంగా కలిపి తీయడం, క్లోనింగ్ ద్వారా పిండాన్ని తయారుచేసి తీయడం నిషిద్ధమన్నది.

ఒకే పేరున్న పదార్థంపై వేరువేరు హుకుమ్‌లు రావడంలో వైరుధ్యం లేదు. తేడా కణంలో లేదు, అది వచ్చిన దారిలో ఉంది. వల్లాహు ఆలమ్.

వెనక్కి నడిచిన కణం

మక్కా తీర్పు వెలువడిన మూడేళ్ళకు జపాన్ నుంచి వచ్చిన ఒక వార్త ఈ వివాదపు తీవ్రతను చాలావరకు తగ్గించింది. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా, ఆయన సహచరుడు కజుతోషి తకహాషి పిండకణాల్లో చురుకుగా ఉండే 24 జన్యువులను ఎంచి, వాటిలో ఏవి ముఖ్యమో పరీక్షించారు. కేవలం నాలుగింటిని ఎలుక చర్మకణాల్లో ప్రవేశపెడితే అవి వెనక్కి నడిచి, పిండకణాల వంటి స్థితికి చేరుకున్నాయి. 2006లో ఎలుకల్లోనూ, 2007లో మానవ కణాల్లోనూ ఇది నిరూపితమయింది. 2012లో గర్డన్‌కు, యమనాకాకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పిండాన్ని తాకకుండానే, రోగి చర్మం నుంచో రక్తం నుంచో అన్ని దారులూ తెరిచి ఉన్న కణాలను పొందవచ్చునని తేలింది.

అయితే శక్తి ఉన్నచోట ప్రమాదం కూడా ఉంది. అన్ని రకాలుగా మారగల కణం అదుపు తప్పితే కణితిగా పెరుగుతుంది. యమనాకా వాడిన నాలుగింటిలో ఒకటి క్యాన్సర్‌తో సంబంధమున్న జన్యువే. 2014లో జపాన్‌లో ఇటువంటి కణాలతో తయారుచేసిన రెటీనా పొరను ఒక వృద్ధురాలి కంట్లో మొదటిసారి అమర్చారు. రెండవ రోగి కోసం తయారుచేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించడంతో చికిత్సను ఆపివేశారు. ఈ ఆపడం వైఫల్యం కాదు, అమానత్. 2025లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మూలకణాల నుంచి తయారుచేసిన ఇన్సులిన్ కణాలను పూర్తి మోతాదులో పొందిన 12 మంది మొదటి రకం మధుమేహ రోగుల్లో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ సూది అవసరం లేకపోయింది. అయితే ఆ కణాలను శరీరం తిరస్కరించకుండా వారు మందులు వాడుతూ ఉండాలి. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రెండవ రకం మధుమేహానికి ఈ ఫలితం వర్తించదు.

వైద్యం, వ్యాపారం

ఆశ ఉన్నచోట దాన్ని అమ్ముకునేవారూ చేరతారు. పక్షవాతానికి, ఆటిజానికి, మెదడు దెబ్బతిన్న పిల్లలకు, మోకాళ్ళ నొప్పులకు ఒకే రకం సూదితో నయం చేస్తామనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. నిర్ణీత రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప ఇతర ప్రయోగాలను అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే చేయాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో పేర్కొన్నది. పరిశోధనలో పాల్గొనే రోగి వద్ద చికిత్సకు సొమ్ము వసూలు చేయరాదు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని భవిష్యత్తులో ఆ బిడ్డకే పనికివస్తుందని డబ్బు కట్టి దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తలసీమియా ఉన్న బిడ్డకు తన సొంత బొడ్డుతాడు రక్తం పనికిరాదు. అందులోనూ అదే లోపం ఉంటుంది. ఇల్లు అమ్మి, అప్పుచేసి ఇటువంటి సూదుల వెంట పరుగెత్తే తల్లిదండ్రులకు ఈ సంగతులు ముందే తెలియాలి.

నిజమైన చికిత్స ఎలా ఉంటుందో హైదరాబాదులోనే చూడవచ్చు. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచి కాలిన కళ్ళకు మూలకణ చికిత్స చేస్తున్నారు. మొదట కణాలను ఖరీదైన ప్రయోగశాలలో పెంచవలసి వచ్చేది. 2012లో వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు సులువైన పద్ధతిని ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది చిన్న తునకలు చేస్తారు. కాన్పు తర్వాత తల్లులు దానం చేసిన ఉమ్మనీటి సంచి పొరను దెబ్బతిన్న కంటిపై పరచి, దానిపై ఈ తునకలను అతికిస్తారు. కణాలు పెరగడానికి కన్నే ప్రయోగశాల అవుతుంది. 2016లో ప్రకటించిన లెక్కలో 125 కళ్ళలో 95 కళ్ళకు పైపొర నిలిచింది. 30 కళ్ళకు నిలవలేదు. ఆ 30 సంఖ్యను కూడా వైద్యులు దాచలేదు.

ఎవరైనా మూలకణాల చికిత్స చేయించుకోమన్నప్పుడు రోగి బంధువులు మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఈ కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇవి సహజంగా ఇచ్చే కణాలూ, నా రోగికి కావలసిన కణాలూ ఒకటేనా? ఎందరికి చేశారు, ఎందరికి నయం కాలేదు? మొదటి ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని ఆలిమ్‌తో, మిగతా రెండింటికి వచ్చే సమాధానాలను ఆ చికిత్సతో లాభాపేక్ష లేని మరొక వైద్యునితో సరిచూసుకోవాలి. మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టవలసిన అవసరం లేదు.